గ్రూపులో అందరూ ఏఐ అంటున్నారు, మా అమ్మాయి ఎలక్ట్రికల్ అంటోంది

ప్రశ్న: సార్, మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తున్నాను. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు పర్వాలేదు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ రావచ్చు, లేదంటే ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్. తను ఎలక్ట్రికల్ కావాలంటోంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇస్త్రీ పెట్టె, మిక్సీ విప్పుతుంది, కానీ అది చదువు కాదు కదా. నేనున్న ఆరు పేరెంట్స్ గ్రూపుల్లోనూ ఏఐ తీసుకోమనే అంటున్నారు. ఒక గ్రూపులో పోల్ పెడితే 412 మందిలో 371 మంది అదే నొక్కారు. స్క్రీన్‌షాట్లు జత చేశాను. ఆప్షన్లు పెట్టే లాగిన్ నా ఫోన్‌లోనే ఉంది. రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోలిక చెబుతానండీ, కాస్త ఆగండి. ద్వారకా నగర్‌లో నా గదికి ఈ సీజన్‌లో వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఇదే ప్రశ్నతో వస్తారు. అడిగేది బ్రాంచి గురించే గానీ లోపల నలిగేది వేరే. అందరితో పాటు తప్పు చేస్తే ఎవరూ ఏమీ అనరు, మనం ఒక్కళ్లమే తప్పు చేస్తే పదేళ్ల తర్వాత పెళ్లి భోజనాల దగ్గర కూడా "అప్పుడే చెప్పాం కదా" అంటారు. మీ టెన్షన్ అదే. తప్పేమీ లేదు, నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

మీ స్క్రీన్‌షాట్లు తీరిగ్గా చదివాను. రాత్రి 9:40కి ఒకాయన "ఈఈఈకి స్కోప్ ఉందా?" అని అడిగారు. నిమిషం తిరక్కుండా "ఎలక్ట్రికల్ అయిపోయింది సార్, ఇప్పుడంతా ఏఐ" అని జవాబు. దాని కింద బొటనవేళ్లు. ఆ తర్వాత వచ్చిన ఇరవై చిల్లర మెసేజుల్లో కొత్త సంగతి ఒక్కటి లేదు, అన్నీ "కరెక్ట్ సార్", "సేమ్", "మా బావగారూ అదే అన్నారు". ఆ మొదటి జవాబు ఇచ్చినాయన పేరు చివర 'డాడీ' అని ఉంది, చూశారా? అంటే ఆయన ఏఐ ఇంజినీరూ కాదు, ట్రాన్స్‌కోలో కరెంటు ఇంజినీరు కూడా కాదు, ఈ ఏడాది పిల్లాడి సీటు కోసం మీలాగే తిరుగుతున్న తండ్రి. ఆయన భయమే మీకు సలహాగా వచ్చింది. రేపు మీరు దాన్నే ఇంకో గ్రూపులో ఫార్వర్డ్ చేస్తారు, అక్కడ అది "చాలామంది చెబుతున్నారు" అయిపోతుంది.

మరి 371 మంది అంటారా. గుంపు లెక్క నిజమైన సందర్భాలు ఉన్నాయి, కాదనను. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును చూపించి, కోశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలు తెప్పించుకుని, సరిగ్గా ఉన్న 787 చీటీల్లోని అంకెల్ని వరసగా పేర్చి చూస్తే మధ్యలో ఉన్నది 1207 పౌండ్లు. అసలు తూకం 1198. నాలుగు కిలోలే తేడా! కానీ ఆ సంతలో ప్రతివాడూ ఆరు పెన్నీలు సొంత డబ్బు కట్టి, ఎద్దును కళ్లతో చూసి, తన చీటీ మీద తన అంకె రాశాడు. వాళ్లలో కసాయివాళ్లూ రైతులూ కూడా ఉన్నారు. వాట్సాప్ పోల్‌లో మీరు నొక్కకముందే ఎవరు ఏది నొక్కారో కనబడుతుంది, ఎద్దును మాత్రం ఎవరూ చూడలేదు. 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఒక సైట్‌లో జనం రాసిన వ్యాఖ్యల్లో కొన్నింటికి పరిశోధకులే చాటుగా మొదటి మెచ్చుకోలు ఓటు ఒక్కటి వేసి వదిలేశారు. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఒక్క ఓటుకే అంత. మీ 9:40 మెసేజ్ కింద బొటనవేళ్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఆ కటాఫ్ బొమ్మ కూడా పంపారు కదా, అందులో కుడివైపు గళ్లు కోసేశారు. చివరి ర్యాంకుల పట్టికలో ఓసీ అబ్బాయిలకు ఒక గడి, ఓసీ అమ్మాయిలకు ఒక గడి, మిగతా కేటగిరీలకు వేరే, పైగా ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియనా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) రీజియనా అన్న గోల ఉండనే ఉంది. మీరు భయపడిన అంకె మీ అమ్మాయి గడిలోది కానే కాదు. అసలు పట్టిక తీసి చూసుకోండి, పది నిమిషాల పని.

గ్రూపుల్ని పూర్తిగా వదిలేయమనడం లేదు. హాస్టల్లో నీళ్లు వస్తాయా, కాలేజీ బస్సు కూర్మన్నపాలెంలో ఆగుతుందా, ల్యాబుల్లో పరికరాలు పని చేస్తున్నాయా, ఇవి అడగండి. చదివి వచ్చినవాడు కళ్లతో చూసింది చెబుతాడు. నాలుగేళ్ల తర్వాత ఏ బ్రాంచికి ఉద్యోగాలొస్తాయో అడిగితే మాత్రం ఆయన నోటికొచ్చింది చెబుతాడు, మీరు నోట్సు రాసుకుంటారు.

ఇక ఏఐ-ఎంఎల్. ఆ విద్య మీద నాకేమీ కోపం లేదు, బోర్డు మీదే అనుమానం. మొదటి రెండేళ్లు లెక్కలు, సీ, పైథాన్, డేటా స్ట్రక్చర్స్, అంటే దాదాపు మామూలు సీఎస్ఈయే. తేడా మూడు, నాలుగో ఏడు వచ్చే కొన్ని సబ్జెక్టుల్లో. అవి ఎవరు చెబుతారన్నదే అసలు ప్రశ్న. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల మీద గరిష్ఠ పరిమితిని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది, దాంతో సెక్షన్లు పెంచుకునే దారి దొరికింది. పోయినేడాది ఒక కాలేజీకి వెళ్లాను. మెకానికల్ వర్క్‌షాప్‌లో లేత్ మెషీన్ మీద టార్పాలిన్ కప్పి ఉంది, పక్క గది తలుపు మీద 'ఏఐ అండ్ ఎంఎల్ - డి సెక్షన్' అని పెయింటు వాసన ఇంకా పోని బోర్డు. అంటే అంతకు ముందు ఎ, బి, సి ఉన్నాయన్నమాట. ఇంతమందికి ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చెప్పే మాస్టార్లు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, ఆఫీసులో టీ తెప్పించారు గానీ జవాబు తెప్పించలేదు.

జనం మాట మీద నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. 2021లో ఐటీ కంపెనీలు ఎగబడి తీసుకుంటున్నప్పుడు "ఏ కాలేజీ అయినా సరే, సీఎస్ఈ అయితే చాలు" అని చాలామందికి చెప్పాను. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, ఈ మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య దాదాపు 64 వేలు తగ్గింది. అప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్న పిల్లలు నాకు ఫోన్లు చేశారు. ఏం చెప్పమంటారు? 2000ల మొదట్లో బయోటెక్నాలజీకి ఇలాగే ఎగబడ్డారు, ఆ బ్యాచిలో ఎంతమంది చివరికి వేరే పనుల్లో తేలారో మీ ఆఫీసులోనే అడిగి చూడండి.

గ్రూపులో తిరిగేది హైయెస్ట్ ప్యాకేజీ. ఉద్యోగం రానివాడు పోస్టు పెట్టడు, పెట్టినా ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల పట్టిక ఎన్ఐఆర్ఎఫ్‌కి కాలేజీ ఇచ్చిన వివరాల్లో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత అని ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్లని జీతం వరసలో నిలబెడితే మధ్యలో నిలబడ్డవాడి జీతం అది. రెండు కాలేజీలవీ తీసి పక్కపక్కన పెట్టుకోండి. వివరాలే పంపని కాలేజీ అయితే అదీ ఒక సమాచారమే.

పోలిక అన్నారు కదా. చెప్పేది పెద్దగా లేదు. యూనివర్సిటీ కాలేజీలో ఫీజు తక్కువ, పాత విద్యార్థులు చాలా చోట్ల ఉన్నారు, భవనాలు పాతవి, క్యాంపస్ ఉద్యోగాల కోసం పిల్లే కష్టపడాలి. ప్రైవేటులో హడావుడి ఎక్కువ, ఫీజూ ఎక్కువే. ఎలక్ట్రికల్ అయిపోయిందన్న మాట మాత్రం వైజాగ్‌లో కూర్చుని ఎలా నమ్మారో నాకర్థం కాలేదు. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఊళ్లోనే కరెంటు పంపిణీ చేసే ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం, డాక్‌యార్డు, రిఫైనరీ, మీ స్టీల్ ప్లాంటు. "గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కాబట్టి ఏఐ" అని మీ గ్రూపులో ఒకరు రాశారు. 2025 అక్టోబరులో ప్రకటించిన ఆ సెంటర్ గిగావాట్ స్థాయిది, అంటే సింహాద్రిలో సగమంత కరెంటు. దాన్ని తెచ్చేది, చల్లబరిచేది, ఆగకుండా చూసేది ఎవరండీ? అలాగని అక్కడ మీ అమ్మాయికి కుర్చీ వేసి ఉంచారని నేను అనడం లేదు. కోడింగ్ కూడా కావాలంటే ఇప్పుడు చాలా చోట్ల కొన్ని అదనపు సబ్జెక్టులు చదివితే వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ ఉంది, సొంతంగానూ నేర్చుకోవచ్చు.

ఒక మాట కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోకండి. 412 మంది ముక్కూ మొహం తెలియనివాళ్లను అడిగారు, ఇస్త్రీ పెట్టె విప్పిన పిల్లను మాత్రం "ఎలక్ట్రికల్ ఎందుకమ్మా?" అని కూర్చోబెట్టి అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది చదువు కాదు కదా అని మాత్రం రాశారు. పాడైన వస్తువును విప్పి, లోపల ఏముందో చూసి, మళ్లీ బిగించిందంటే ఎద్దును కళ్లతో చూసింది మీ ఇంట్లో తనొక్కతే. తనేదో మునిగిపోతుందని భయపడకండి, నచ్చింది చదివే పిల్లలు రెండో ఏడాదికల్లా మనకే దారి చెబుతారు, నేను చాలామందిని చూశాను.

ఈ ఆదివారం ఆ పిల్లను బండి మీద ఎక్కించుకుని ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ వైపు వెళ్లండి, హాస్టల్ పిల్లలు ఎవరో ఒకరు కనబడతారు, తననే మాట్లాడనివ్వండి. ఆప్షన్ల లాగిన్ మీ ఫోన్‌లో ఉందన్నారు, వచ్చాక ఆ ఫోన్ తన చేతికివ్వండి.