చదివింది నిలవదేం? అత్తగారి మతిమరుపు వయసేనా?

జ్ఞాపకశక్తి గురించి విశాఖపట్నం పాఠకులు అడిగిన వాటిలోంచి ఈసారి నాలుగు ప్రశ్నలు.

గ్రూప్-2 పరీక్షకు రెండు నెలలే ఉంది. పాలిటీ నాలుగుసార్లు చదివాను. పుస్తకం తెరిస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, మూస్తే ఏమీ రాదు. బుర్ర మొద్దుబారిందంటారా? – ఒక అభ్యర్థి, ఎంవీపీ కాలనీ

బుర్రకేం కాలేదు. చిక్కంతా ఆ నాలుగుసార్లు చదవడంలోనే ఉంది. పేజీ కళ్లముందు ఉన్నప్పుడు మీరు చేసేది గుర్తుపట్టడం. పుస్తకం మూశాక కావలసింది గుర్తుతెచ్చుకోవడం. మొదటిది ఎంత చేసినా రెండోది దానంతటది అలవడదు. ఆబ్జెక్టివ్ పరీక్షే కదా, గుర్తుపడితే చాలదా అంటారేమో. నాలుగు ఆప్షన్లూ ఎక్కడో చూసినట్టే కనబడి, మనసు ఊగిసలాడేది సరిగ్గా అక్కడే.

దీని మీద రోడిగర్, కార్పికి అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి: 83 శాతం, రాసినవారికి 71. వారం తర్వాత తిరగబడింది: చదివినవారికి 40, రాసినవారికి 61. రాత్రి చదివి పొద్దున మరిచిపోయే మన బాధంతా ఈ అంకెల్లో ఉంది.

ఇలా చేయండి. పది పేజీలు ఒక్కసారి నిదానంగా చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద పది నిమిషాలు, గుర్తున్నదంతా రాయండి: కోర్టులు జారీచేసే ఐదు రిట్లు ఏవి, రాజ్యాంగం 32వ అధికరణకూ 226కూ తేడా ఏమిటి, ఇలా. తట్టకపోతే వెంటనే పుస్తకం తిప్పకండి. అర నిమిషం గింజుకోండి, పని జరిగేది ఆ గింజులాటలోనే. తర్వాత పుస్తకంతో సరిచూసి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్రసిరాతో దిద్దండి. ఈ దిద్దుబాటు ఎగ్గొడితే తప్పే గట్టిపడుతుంది.

మర్నాడు పుస్తకం తెరవకుండా మళ్లీ రాయండి. ఆ పైన వారానికోసారి. పరీక్ష ఎన్నాళ్లుందో అందులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఎడం పెట్టుకుంటే మేలని ఎడాలు మార్చి చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అరవై రోజులకు ఆరు నుంచి పన్నెండు రోజులన్నమాట. అరిథ్‌మెటిక్‌లో ఒకే రకం లెక్కలు ముప్పై వరసగా చేయకండి. శాతాలు, కాలం-పని, నిష్పత్తులు కలిపి చేయండి. ఏ లెక్కకు ఏ దారి పట్టాలో తేల్చుకోవడం కూడా పరీక్షలో భాగమే. మొదటి వారం మార్కులు తగ్గినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే పాత పద్ధతికి వెళ్లిపోతారు. నిద్ర మాత్రం ఏడు గంటలకు తగ్గనివ్వకండి.

నాకు 67. మా అబ్బాయి ఫోన్‌లో మెదడు ఆటల యాప్‌కు ఏడాది చందా కట్టాడు. ఆటలో స్కోరు బాగా పెరిగింది, కళ్లజోడు ఎక్కడ పెట్టానో మాత్రం గుర్తుండటం లేదు. – విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

మీ అనుభవమే పరిశోధనల్లోనూ తేలింది. అమెరికాలో 65 దాటిన 2,832 మందిని విడగొట్టి కొందరికి జ్ఞాపకంలో, కొందరికి తర్కంలో, కొందరికి చూసింది చప్పున పోల్చుకోవడంలో పది చొప్పున పాఠాలు చెప్పారు. 2002లో ఫలితాలు వచ్చాయి. ఎవరు దేన్ని సాధన చేస్తే అందులోనే మెరుగయ్యారు, పక్కదానికి పెద్దగా పాకలేదు. లుమోసిటీ యాప్ కంపెనీ తన ప్రకటనల్లో చెప్పినదానికి ఆధారాలు చూపలేదని అమెరికా ప్రభుత్వ సంస్థ పట్టుకుంటే, 2016లో 20 లక్షల డాలర్లకు రాజీ పడింది.

1980లో అచ్చయిన ఇంకో ప్రయోగం మరీ ముచ్చటైనది. ఒక కాలేజీ కుర్రాడు మొదట ఏడు అంకెలే గుర్తుంచుకునేవాడు. ఇరవై నెలల్లో సుమారు 230 గంటలు సాధన చేసి 80 దాకా వెళ్లాడు. పరుగుపందేల ఆటగాడు కావడంతో అంకెల గుంపులను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. మన అవధానిని చూడండి. నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య, మధ్యలో గంటల లెక్క, చివర ఆ పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పే ధారణ. ఛందస్సు, ప్రాస, ఏళ్ల తరబడి పోగేసుకున్న పదసంపద ఆ పద్యాలను పట్టి ఉంచుతాయి. అంతమాత్రాన గొడుగు మరిచిపోకుండా ఇంటికి వస్తారన్న హామీ ఏమీ లేదు!

కళ్లజోడుకు సాధన అక్కర్లేదు, ఒక గిన్నె చాలు. గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, కళ్లజోడు, తాళాలు, పర్సు అందులోనే వేయండి. చందా పోతేపోయింది, ఆ సమయంలో ఆర్కే బీచ్ వైపు వారానికి మూడుసార్లు 40 నిమిషాలు చురుగ్గా నడవండి. 2011లో వచ్చిన అధ్యయనంలో 120 మంది పెద్దవాళ్లలో ఏడాది పాటు ఇంతే నడిచినవారికి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. ఒక్క అధ్యయనమే అనుకున్నా, బీపీకీ షుగర్‌కూ నడక మంచిదే.

ఒడియా భాష నేర్చుకోండి, ఆటకంటే సరదాగా ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలోనూ తేడా కనబడింది. అయితే వాళ్లు ఏళ్ల తరబడి రెండు భాషల్లో బతికినవారు. 67లో మొదలుపెడితే అంత ఫలితం ఉంటుందని మేం చెప్పలేం.

మా అత్తగారికి 72. చదువుకోలేదు. పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మూడు నెలలుగా అడిగిందే అడుగుతున్నారు, పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నారు. టీవీ సౌండ్ కూడా బాగా పెంచుతున్నారు. వయసేనని ఇంట్లో అందరూ కొట్టిపారేస్తున్నారు. – ఒక కోడలు, కంచరపాలెం

కొట్టిపారేయకండి. మన దేశంలో 60 దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు 7.4 శాతం అని 2023 అంచనా. అంటే నూటికి 92 మందికి పైగా అది లేదు, ముసలితనమొక్కటే ఇలా చేయదు.

ముందు వేగం చూడండి. రెండు మూడు రోజుల్లో అయోమయం ముదిరితే, మగత, లేనివి కనబడటం లాంటివి ఉంటే అది వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం వంటివి కారణం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీరు చెప్పినట్టు నెలల మీద వస్తే రక్తపరీక్షలతో మొదలవుతుంది: విటమిన్ బి12, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), హిమోగ్లోబిన్. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, దానికి చికిత్స తేలిక. కానీ ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. బలానికని ముందే బి12 ఇంజక్షన్ చేయించి ఆ తర్వాత పరీక్షకు వెళ్తే అంకె బాగానే ఉన్నట్టు వస్తుంది. లేదా ఇది చదివి మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. డాక్టర్ చెప్పకుండా ఆపవద్దు.

ఇంట్లో ఉన్న మందులన్నీ, జలుబు బిళ్లలతో సహా, సంచిలో వేసి డాక్టర్‌కు చూపండి. జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకని అలవాటు చేసిన ఆల్‌ప్రజోలామ్ పెద్దవాళ్ల బుర్రను మసకబారుస్తాయి. షుగర్‌ను మరీ పడగొట్టగల గ్లిమెపిరైడ్ లాంటి బిళ్లలు కూడా ఉంటే, తిక్కగా మాట్లాడే వేళకు వేలి రక్తంతో షుగర్ చూడండి, 70 కంటే తగ్గిందేమో.

టీవీ సౌండ్ పెంచుతున్నారన్నారు, అది ముఖ్యమైన సంగతి. వినబడని మాట గుర్తుండదు, అడిగిందే అడగడానికి అదీ ఒక కారణం కావచ్చు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకు సరిదిద్దగల కారణాలు 14 లెక్కగట్టింది, వాటిలో వినికిడి లోపం ముందు వరసలో ఉంది. చెవిలో గుబిలి తీయించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి.

కేజీహెచ్‌లోనో మరోచోటో న్యూరాలజీ ఓపీకి వెళ్లేముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయండి: తేదీ, వేళ, ఏం మరిచారు, గుర్తుచేస్తే అందుకున్నారా లేదా. చదువుకోలేదని మొదటే చెప్పండి. చదవడం, రాయడం, తీసివేతలతో కూడిన జ్ఞాపక పరీక్షలో చదువు రానివారు ఆరోగ్యంగా ఉన్నా తప్పుతారు. అందాకా వంటయ్యాక గ్యాస్ రెగ్యులేటర్ మీరే కట్టేయండి.

నాకు 44. తెలిసినవాళ్ల పేర్లే నాలుక చివర ఆడుతున్నాయి, బయటికి రావు. – గాజువాక

కాసేపటికి గుర్తొస్తుంటే కంగారు అక్కర్లేదు. చురుకుదనం యవ్వనం దాటగానే నెమ్మదిస్తుంది, మాటల నిధి అరవై దాకా పెరుగుతూనే ఉంటుంది. పేరుకు అర్థంతో ముడి ఉండదు కాబట్టి ముందు జారేది అదే. కొత్తవాళ్ల పేరు వినగానే ఒకసారి పైకి అనండి, పది నిమిషాలకు మనసులో, వెళ్లేటప్పుడు మళ్లీ పైకి. వస్తువుల మామూలు పేర్లే, వాటి వాడకమే మరిచిపోతుంటే మాత్రం డాక్టర్‌ను కలవండి.