లోటు లెక్కలో విలువలకు చోటెక్కడ?

ప్రశ్న: జర్మనీలో ప్రభుత్వ అప్పుకు రాజ్యాంగమే హద్దు గీసింది. ఆ హద్దుకు ఆధారమైన అంచనాలను ఆర్థికవేత్తలు గణిత సూత్రాలతో వేస్తారు కదా! వాటిలో చట్టపరమైన, సామాజికమైన విలువలు ఉంటాయనడం ఎంతవరకు సబబు?

జవాబు: సబబే. పైగా ఆ విలువలు లెక్క మొదట్లోనే వచ్చి చేరతాయి. 2009లో రాజ్యాంగంలో చేర్చిన రుణ కట్టడి నియమం ప్రకారం, ఆర్థిక ఒడుదొడుకుల ప్రభావాన్ని తీసివేశాక మిగిలే ఫెడరల్ ప్రభుత్వ లోటు జీడీపీలో 0.35 శాతానికి మించరాదు. 2025లో రక్షణ వ్యయానికి కొంత మినహాయింపు ఇచ్చినా, ఒడుదొడుకుల ప్రభావాన్ని తీసివేసి లెక్క వేయాలన్న సూత్రం మారలేదు. ఒడుదొడుకుల ప్రభావం ఎంతో తేలాలంటే, దేశం తన వనరులను మామూలు స్థాయిలో వాడుకున్నప్పుడు ఎంత ఉత్పత్తి చేయగలదో ముందు నిర్ణయించాలి. సంభావ్య ఉత్పత్తి అనే ఈ మొత్తాన్ని నేరుగా కొలవడం ఎవరికీ సాధ్యం కాదు, అంచనా వేయవలసిందే.

అసలు చిక్కు ఆ 'మామూలు' దగ్గరే ఉంది. జర్మనీ అనుసరించే ఐరోపా సమాఖ్య ఉమ్మడి పద్ధతిలో శ్రామికుల సంఖ్య, పనిగంటలు, నిరుద్యోగ రేటు గతంలో నడిచిన తీరును బట్టి శ్రమశక్తిని అంచనా వేస్తారు. జర్మనీలో ఉద్యోగాలు చేసే మహిళల్లో దాదాపు సగం మంది పూర్తికాలం పనిచేయరు. పిల్లల సంరక్షణ కేంద్రాల కొరత, పన్నుల విధానం అందుకు కొంతవరకు కారణం. అయినా గతాన్నే కొలబద్దగా తీసుకున్న అంచనా, ఆ తక్కువ పనిగంటలను దేశ సామర్థ్యానికి హద్దుగా పరిగణిస్తుంది. సామర్థ్యం తక్కువగా తేలితే వాడకుండా మిగిలిన శక్తి కూడా తక్కువగానే కనిపిస్తుంది, దానితో మాంద్యం పేరిట అదనంగా అప్పు తీసుకునే వెసులుబాటు తగ్గి, ఆ సంరక్షణ కేంద్రాలకే డబ్బు దొరకని స్థితి రావచ్చు. స్త్రీ పురుష సమానత్వం ఆచరణలో నెలకొనేలా ప్రభుత్వం కృషి చేయాలని ఆదేశించే 3వ అధికరణం కూడా అదే రాజ్యాంగంలో ఉందన్నది ఇక్కడ మరువరాదు.

స్పెయిన్ అనుభవం ఇంకా బాధాకరమైనది. 2013లో అక్కడ నిరుద్యోగం 26 శాతానికి చేరగా, వేతనాల పెరుగుదల వేగాన్ని పెంచని 'సహజ' నిరుద్యోగంగా అంచనా వేసిన రేటు సైతం దాని వెంటే ఎగబాకి 20 శాతం దాటింది. పనిలేని లక్షల మందిని ఆ లెక్క మామూలు స్థితిలో భాగం చేసేసింది. లోటులో ఎక్కువ భాగం మాంద్యం వల్ల వచ్చినది కాదన్నట్టు తేలి, సమాఖ్య నియమాల కింద పొదుపు చర్యల ఒత్తిడి పెరిగింది. సంపూర్ణ ఉపాధి తమ లక్ష్యమని సమాఖ్య ఒప్పందమే చెబుతున్నప్పుడు, ఇంతటి నిరుద్యోగాన్ని సహజమనడం కేవలం గణాంక నిర్ణయమని నేను అంగీకరించలేను.

అలాగని ఖర్చుకు తగినట్టు అంచనాను దిద్దుకోవచ్చని నా ఉద్దేశం కాదు. అలా చేస్తే నియమమే నిరర్థకమవుతుంది. ఒక సంఖ్యకు చట్టబలం ఇచ్చినప్పుడు, దాని వెనుక ఎంచుకున్న ప్రతి ఊహను కారణాలతో సహా పార్లమెంటు ముందుంచాలి, చట్టంలోని ఇతర లక్ష్యాలతో అది పొసగుతుందో లేదో అక్కడ చర్చించాలి. 2024లో ఐరోపా సమాఖ్య తన నియమాలను సవరించి నికర వ్యయానికి, అంటే వడ్డీల వంటివి మినహాయించి లెక్కించే ప్రభుత్వ ఖర్చుకు, ప్రాధాన్యం ఇచ్చింది. అయితే ఆ వ్యయ మార్గాన్ని నిర్ణయించే రుణ విశ్లేషణలో సంభావ్య వృద్ధి అంచనా నేటికీ కీలకమే కనుక, మీరు అడిగిన ప్రశ్న అక్కడా వర్తిస్తుంది.