'సాయం' అని రాయకు

తమ్మీ,

నీ కథ చదివాను. వరద తీశాక రాజోలి నేత అవ్వ గుంట మగ్గంలోంచి బురద ఎత్తిపోసే చోట రెండుసార్లు ఆగాను. అది బాగుంది. చివరి పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. వాతావరణ మార్పుతో నష్టపోయిన పేద దేశాల కోసం పెట్టిన విదేశీ నిధి నుంచి చెక్కు వచ్చిందనీ, అవ్వ చేతులు జోడించి "పెద్ద దేశాలోళ్లు సాయం చేసిండ్రు" అన్నదనీ రాశావు. ఆ నిధి దేశాలకు ఇస్తుంది గానీ అవ్వల పేర చెక్కులు రాయదు. అదైతే దిద్దుకోవచ్చు. 'సాయం' అన్న మాటను ఎట్లా దిద్దుతావు?

ముప్పై ఏళ్ల కొట్లాట ఆ మాట మీదనే. సముద్రం పెరిగి మునిగిపోతే ఖర్చు పొగ వదిలి భూమిని వేడెక్కించిన ధనిక దేశాలే భరించాలని చిన్న దీవుల తరఫున వనువాటు 1991లోనే అడిగింది. 2015లో వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం 8వ అధికరణంలో ఈ నష్టం సంగతి రాశారు. రాసి, దీన్ని పట్టుకుని బాధ్యత, పరిహారం అడగడానికి వీల్లేదని పక్కనే తీర్మానంలో ఒక వాక్యం దూర్చారు. 2022లో ఈజిప్టులోని షర్మెల్ షేక్‌లో ఆ నిధికి ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్‌లో మొదలుపెట్టారు. ఇవ్వడం మాత్రం ఎవరిష్టం వాళ్లది. అక్కడ అమెరికా ప్రకటించింది 1.75 కోట్ల డాలర్లు. అంతకు ముందటేడు వరదల్లో ఒక్క పాకిస్తాన్‌కే 3,000 కోట్ల డాలర్లు పోయాయి.

మనకిది కొత్తా? సర్కారు ఇచ్చే ఎక్స్‌గ్రేషియా అంటే దయతలచి ఇచ్చేదనే కదా! 2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలిని ముంచిన వారానికి నేను అక్కడున్నాను. నష్టం రాసుకునే మనిషి ఒక ఇంటి ముందు 'మగ్గం 1' అని రాసుకుని పోయాడు. మగ్గం మీది పడుగు, అంటే నిలువు నూలు, షావుకారిది. తడిసి పాడైంది కాబట్టి దాని బాకీ నేతగాడి నెత్తిన పడింది. దానికి కాగితంలో గడి లేదు. ఆ వరదలో పొగ పాలెంత, డ్యాం గేట్ల పాలెంత అని తేల్చడం నా పని కాదు. బాకీ ఎవరి నెత్తిన పడిందో చూడటమే నా పని.

ఆ కథ పంపితే ఒక వారపత్రిక ఎడిటర్ నా 'బాకీ'ని 'సాయం' చేసి అచ్చేశాడు. "మెత్తగా ఉంటుందండీ" అన్నాడు. పారితోషికం 300 రూపాయలు మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ రాలేదు. మరి ఆ 300ని బాకీ అనాలో సాయం అనాలో ఆయన్నే అడగాల్సింది. ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ ఇంకోటి, 'ప్రకృతి పగబట్టింది' అనడం. పొగ వదిలినోడు హాయిగా తప్పుకుంటాడు. నీ రెండో పేజీలోనూ ఉందది, కొట్టెయ్.

చెక్కు తీసెయ్. అవ్వను షావుకారు ముందు కూర్చోబెట్టు, పడుగు లెక్క అడగనీ.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి సంగతి తర్వాత. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె అనాల్సిన చోట, దారం చుట్టిన కండె అని రాశావు. కండె నాడె లోపల ఉంటుంది. ఒకసారి రాజోలి పోయి చూసి రా.

మీ అన్న
పాలమూరు