అయస్కాంతం అంటుకోకపోతే పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: లారీ కమాన్ పట్టీలతో కొబ్బరి దింపు కత్తులు చేస్తాం. కొలిమిలో కాల్చి, అయస్కాంతం పట్టడం మానగానే నీళ్లలో ముంచుతున్నాం. కొన్నింటికి అంచు వంగిపోతోంది, కొన్నింటికి ముంచగానే పగులు వస్తోంది. లోపం ఇనుములో ఉందా, మాలో ఉందా? (కమ్మరి పనివారు, అంబాజీపేట)

జవాబు: ఇనుము మంచిదే. ఇక్కడ తప్పులు రెండున్నాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి.

మొదట అంచు వంగే సంగతి. చల్లని ఉక్కులో కార్బన్ చాలావరకు కార్బైడ్ (ఇనుముతో కలిసిన గట్టి పదార్థం) రూపంలో విడిగా ఉంటుంది. ఇనుము 727 డిగ్రీలు దాటాక ఆస్టెనైట్‌గా (అయస్కాంతం అంటని వేరే అణు అమరికగా) మారడం మొదలై, ఆ కార్బన్‌ని తనలో కరిగించుకుంటుంది. అలా కరిగినదాన్ని బయటికి పోనివ్వకుండా వేగంగా చల్లారిస్తే మార్టెన్‌సైట్ అవుతుంది. కత్తికి గట్టిదనం ఇచ్చేది అదే. కరగని కార్బన్‌ని ఎంత చల్లని నీళ్లలో ముంచినా ఉపయోగం లేదు.

ఇక అయస్కాంతం. ఆస్టెనైట్‌గా మారినా మారకపోయినా 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంత గుణం కోల్పోతుంది. మామూలు కార్బన్ ఉక్కులో ఈ రెండు మార్పులూ ఇంచుమించు కలిసే వస్తాయి కాబట్టి పాత పద్ధతి పనిచేసింది. కమాన్ పట్టీల్లో చాలావాటిలో ఒకటిన్నర నుంచి రెండు శాతం సిలికాన్ ఉంటుంది. సిలికాన్ ఉన్నప్పుడు ఆస్టెనైట్ పూర్తవడానికి 800 డిగ్రీలు దాటాలి. అంటే మీరు ముంచేసరికి సగమే మారి ఉంటోంది. అయస్కాంతం వదిలాక ఇంకా కాల్చి 840-860 డిగ్రీలకు తీసుకెళ్లండి. ఎరుపు దాటి నారింజలోకి తిరిగే రంగు అది; ఎండలో పోల్చుకోలేరు, కొలిమి నీడలోనే ఉండాలి. అంచు నుంచి వెన్ను దాకా రంగు ఒకేలా వచ్చాక నాలుగైదు నిమిషాలు అలాగే ఉంచండి. ఆ సేపు బ్లోయర్ తగ్గించాలి. గాలి ఎక్కువైతే పైపొరలో కార్బన్ కాలిపోయి, అంచు మళ్లీ మెత్తగానే వస్తుంది.

అలాగని పసుపు రంగు దాకా పోనివ్వకండి. వెయ్యి డిగ్రీలు దాటితే ఉక్కులోని రేణువులు (లోహపు చిన్న స్ఫటికాలు) పెరిగిపోతాయి. ఒక ముక్కని గట్టిపరిచి విరిచి చూడండి: విరిగిన చోట బూడిదరంగులో నున్నగా ఉంటే సరే, పంచదార పలుకుల్లా మెరిస్తే కాలుడు ఎక్కువైనట్టు. అలాంటిదాన్ని పారెయ్యక్కర్లేదు. 850 దగ్గరికి కాల్చి గాలికి ఆరనిచ్చి, అలా రెండు మూడుసార్లు చేస్తే రేణువులు మళ్లీ సన్నబడతాయి.

రెండోది పగులు. ఆస్టెనైట్ కంటే మార్టెన్‌సైట్‌కి ఎక్కువ చోటు కావాలి. పల్చని అంచు ముందే చల్లారి బిగుసుకుంటుంది. వెన్ను తర్వాత ఉబ్బుతూ అంచుని లాగి చీలుస్తుంది. ఈ ఉక్కుకి నీళ్లు వద్దు, నూనె చాలు. 50-60 డిగ్రీల వెచ్చని నూనె చల్లనిదానికంటే పల్చగా ఉండి వేడిని త్వరగా లాగుతుంది. 700 గ్రాముల కత్తి 10 లీటర్ల నూనెను సుమారు 20 డిగ్రీలు వేడెక్కిస్తుంది. వరుసగా ముంచుతూ పోతే నూనె మంటెత్తుకోవచ్చు, పక్కనే రేకు మూత ఉంచుకోండి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, ఆలస్యం చేయకుండా టెంపరింగ్ (పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కొద్దిగా వేడి చేయడం) చేయాలి. కత్తిని తెల్లగా రుద్ది, వెన్ను వైపు నుంచి వేడి పెడితే రంగులు అంచు వైపు పాకుతాయి. గోధుమ దాటి ఊదా వచ్చేసరికి 270-280 డిగ్రీలు. అక్కడ ఆపండి. రెండుసార్లు చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: రొయ్యల చెరువులో ఏరియేటర్లకి 304 స్టెయిన్‌లెస్ బోల్టులు కొన్నాను. మరలు ఉన్న చోట అయస్కాంతం కొద్దిగా లాగుతోంది. వేరే కొట్లో కొన్నవాటికి అసలు అంటుకోలేదు గానీ రెండు నెలల్లో తుప్పెక్కాయి. మోసం ఎక్కడ జరిగింది? (రైతు, భీమవరం)

జవాబు: లాగినవి నకిలీవని చెప్పలేం. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండి ఆస్టెనైట్ గది వేడిలోనూ నిలుస్తుంది. అయితే ఆ నిలకడ అంతంతమాత్రమే. చల్లగా ఉండగానే తల కొట్టి, మరలు ఒత్తితే ఆ ఒత్తిడికే కొంత మార్టెన్‌సైట్‌గా మారి అయస్కాంతానికి స్పందిస్తుంది. వంచిన రేకు మూలల్లోనూ ఇదే కథ. తుప్పెక్కినవి బహుశా 200 సిరీస్ అనే మరో రకం స్టెయిన్‌లెస్‌వి. వాటిలో నికెల్ తగ్గించి మాంగనీస్, నైట్రోజన్ వేస్తారు. అవీ ఆస్టెనైటే కాబట్టి అయస్కాంతం అంటదు, కానీ ఉప్పునీటికి తట్టుకోవు. అంటే అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరుచేయలేం. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. ఉప్పదనం ఉన్న చెరువైతే 304 కూడా చాలదు. రెండు మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 తీసుకోవడమే నయం.

ప్రశ్న: ఆస్టెనైట్ అనే పేరు ఎలా వచ్చింది? (పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: బ్రిటన్ లోహశాస్త్రవేత్త విలియం చాండ్లర్ రాబర్ట్స్-ఆస్టెన్ పేరు మీద, ఫ్రాన్స్‌కి చెందిన ఫ్లోరిస్ ఆస్మండ్ పెట్టారు.

ప్రశ్న: క్రషర్ దవడ ప్లేటు వెల్డింగ్ చేశాను. పగలకూడదని ముందుగా బాగా వేడి చేశాను, అయినా వెల్డు పక్కనే బీట వచ్చింది. (వెల్డర్, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ వేడే కొంప ముంచింది. అది 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన మాంగనీస్ ఉక్కు అయ్యుంటుంది: సుమారు 12 శాతం మాంగనీస్, 1.2 శాతం కార్బన్. గ్రైండర్‌తో పైపొర తీసి అయస్కాంతం పెట్టండి, అంటకపోతే అదే. మామూలు ఉక్కు నీళ్లలో ముంచితే పెళుసవుతుంది. దీన్ని 1050 డిగ్రీల దగ్గర నుంచి నీళ్లలో ముంచితేనే కార్బన్ కరిగి ఉండి గట్టిగా సాగుతుంది. మళ్లీ ఎక్కువసేపు 260 డిగ్రీలు దాటనిస్తే కార్బైడ్లు రేణువుల అంచుల్లో పేరుకుని గాజులా పగులుతుంది.

కాబట్టి ముందువేడి అసలొద్దు. రాళ్ల దెబ్బకి బిగిసిన పైపొరని తీసేయండి. మైల్డ్ స్టీల్ రాడ్ వాడకండి, మధ్యలో పెళుసు పొర ఏర్పడుతుంది. మాంగనీస్ రాడ్ గానీ, మాంగనీస్ ఎక్కువున్న స్టెయిన్‌లెస్ రాడ్ గానీ తీసుకుని, పొట్టి పూసలుగా ఒకచోట కాకుండా మార్చి మార్చి వేయండి. ప్రతి పూసనీ వేడిగా ఉండగానే చిన్న సుత్తితో కొట్టండి. వెల్డుకి అర అంగుళం దూరంలో టెంపరేచర్ చాక్‌తో (ఒక నిర్ణీత వేడి దగ్గర కరిగే సుద్దతో) గీసి చూసి, 260 గుర్తు కరిగితే ఆపేసి ఆరనివ్వండి.