వెళ్లేలోపు ఎవరెవరింటికి వెళ్లాలక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మా ఆయనకి జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో జాబ్ వచ్చింది, నాకు కూడా డిపెండెంట్ వీసా పెడుతున్నం. ఇప్పుడు ఉండేది మియాపూర్‌లో. మా అమ్మోళ్లది జగిత్యాల దిక్కు, అత్తగారోళ్లది అమలాపురం దగ్గర పల్లెటూరు. పోయేలోపు నెలన్నర ఉందేమో, అందులో మా ఆయనకి నోటీస్ పీరియడ్ ఇంకా నడుస్తుంది. మా అమ్మ ఒడిబియ్యం పోసి పంపుతా అంటది, మా అత్తమ్మ అన్నవరంలో వ్రతం చేసుకోకుండా విమానం ఎక్కొద్దు అంటున్నరు. రెండు దిక్కులా కలిపి మేనత్తలు, చిన్నమ్మలు, బాబాయిలు అందరినీ రాస్తే నోట్‌బుక్‌లో పేజీ నిండింది. ఒకరింటికి పోయి ఇంకొకరింటికి పోకుంటే మాటలు వస్తయి. మా ఆయనేమో అందరితో వీడియో కాల్ మాట్లాడితే అయిపోతది, పెళ్లయినకాడి నుంచి ఎక్కడికీ పోలేదు, ఇద్దరం థాయ్‌లాండ్ పోయొద్దాం అంటడు. నాకేమో మా నానమ్మను చూడకుండా పోవాలంటే మనసొప్పుతలేదు. ఎట్ల ప్లాన్ చేసుకోవాలె?
— పేరు వద్దక్కా, హైదరాబాద్

జవాబు: చెల్లీ, ముందు మీ ఆయన మాట తేల్చేద్దాం, అది సులువు. జర్మనీ వీసాకి పెట్టాక పాస్‌పోర్ట్‌లు వాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు, ఎప్పుడు తిరిగొస్తాయో ఖచ్చితంగా చెప్పలేం, అలాంటప్పుడు థాయ్‌లాండ్ టికెట్లు బుక్ చెయ్యడమంటే డబ్బులు గాల్లో పెట్టడమే. కానీ ఆయన కోరికలో తప్పేం లేదు, నువ్వు కూడా తీసిపారెయ్యకు. పెళ్లయిందగ్గర్నుంచి ఎక్కడికీ వెళ్లని జంట, అక్కడ దిగాక ఇల్లు వెతుక్కోడం, రిజిస్ట్రేషన్లు, చలికి కోట్లు కొనుక్కోడం, దీంట్లో పడిపోతారు, ఇద్దరూ తీరిగ్గా కూర్చునే రోజులు మళ్లీ ఎప్పుడొస్తాయో. అందుకని ఆధార్ కార్డుతో అయిపోయే ట్రిప్ పెట్టుకోండి. వైజాగ్ వెళ్లి, పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌కి అద్దాల బోగీలుంటాయి కదా విస్టాడోమ్ అని, అందులో అరకు వెళ్లండి, సొరంగాలు వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు ఒకటే కేకలు పెడతారు, భలే సరదాగా ఉంటుంది. దారిలో బొర్రా గుహలు, పైన కాఫీ, బొంగులో చికెన్, ఇంతకంటే ఏం కావాలి. పైగా ఇది మీ అత్తగారి ఊరి దారిలోనే ఉంది, సెలవు వేరేగా దండగవ్వదు.

ఎలాగంటే, వైజాగ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు అన్నవరంలో దిగిపోవడమే. మీ అత్తగారి వ్రతం అక్కడ అయిపోతుంది. ఆవిణ్ణి, మావగారిని ముందు రోజు రాత్రికే కొండ మీదికి రమ్మనండి, మీరిద్దరే చేసుకుని వచ్చి ఫోటో చూపిస్తే ఆవిడకి తృప్తి ఉండదు. మీ ఆయన పంచె మర్చిపోకుండా పెట్టుకోమని చెప్పు. వ్రత మండపంలో వరసగా పీటల మీద జంటలు కూర్చుని ఉంటే ఎదురుగా పంతులుగారు అందరికీ కలిపి కథ చెప్పుకుంటూ పోతారు, పక్క పీట వాళ్లు ఏ ఊరు, ఎందుకు చేసుకుంటున్నారు అని మీ అత్తగారు ఈలోపే కనుక్కునేసి ఉంటారు, చూస్తూ ఉండు. ఆకులో కట్టిచ్చే ఆ గోధుమ నూక ప్రసాదం మాత్రం అక్కడే తినెయ్యండి, జర్మనీకి దాచొద్దు, ఎందుకో కింద చెప్తాను. అక్కణ్ణుంచి రాజమండ్రి చుట్టూ తిరక్కుండా కాకినాడ, యానాం, ముమ్మిడివరం మీదుగా కారులో అమలాపురం వెళ్లిపోవచ్చు, కాకినాడలో ఎవరైనా పిన్ని, అత్తయ్య ఉంటే ఆ పలకరింపు కూడా దారిలోనే తెమిలిపోతుంది. అమలాపురానికి రైలు ఎలాగూ ఇంకా రాలేదు కాబట్టి కారు తప్పదు. ట్రైన్ టికెట్ల సంగతి ఈ వారమే చూడండి, రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది, అంటే మీ తేదీలకి ఈపాటికే సగం వెయిటింగ్ లిస్టే ఉంటుంది.

ఇప్పుడు ఆ నోట్‌బుక్ పేజీ. దాంట్లో ఉన్నవాళ్లని దగ్గర చుట్టం, దూరపు చుట్టం అని విడదియ్యకు, మీ దగ్గరికి రాగలిగినవాళ్లు, రాలేనివాళ్లు అని విడదియ్యి. మంచం పట్టిన పెదనాన్న, మోకాళ్లు పనిచెయ్యని మేనత్త, ఈమధ్యే ఇంట్లో మనిషి పోయి ఏడాది దాకా ఎక్కడికీ కదలనివాళ్లు, వీళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి. వెళ్తే గుమ్మంలో టీ తాగి సెల్ఫీ దిగి పక్కింటికి పరిగెత్తడం కాదు, ఒక పూట అన్నం తిని రావాలి. రోజుకి ఆరిళ్లు పెట్టుకుంటే ఆరో ఇంటికొచ్చేసరికి మీ మొహాల్లో నవ్వు ఉండదు, వాళ్లు వడ్డించింది కడుపులో పట్టదు, ఆనక "వచ్చారు గానీ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు" అని అదో మాట. రాకపోతే ఒక మాట, వచ్చి తొందరపడితే రెండు మాటలు. మీ నానమ్మ సంగతి మాత్రం వేరు, ఆవిడ దగ్గరికి ఈ వారమే ఒకసారి వెళ్లొచ్చెయ్యి, చివర్లో తీరిగ్గా వెళ్దాం అని పెట్టుకోకు. వీసా వాళ్ల ఫోను, ఆఫీసు వాళ్ల మెయిలు అన్నీ చివర్లోనే వస్తాయి, అప్పుడు నువ్వనుకున్న ఆ రెండు రోజులే ముందు ఎగిరిపోయేవి.

మరి రాగలిగినవాళ్ల సంగతేంటంటే, దానికి మీ అమ్మగారి ఒడిబియ్యమే దారి. మీ వైపు ఒడిబియ్యం తెచ్చుకున్నాక ఆ బియ్యం వండి ముత్తైదువలని పిలిచి భోజనం పెడతారు కదా, ఆ భోజనం ఏదో ఒక ఆదివారం మియాపూర్‌లో మీ ఇంట్లో పెట్టండి, చాలకపోతే అపార్ట్‌మెంట్ ఫంక్షన్ హాలు అడగండి. మీ వైపు వాళ్లు, వాళ్ల వైపు వాళ్లు అందరూ అక్కడికే వస్తారు. కోనసీమ వాళ్లు సగం మంది కూకట్‌పల్లిలోనే ఉన్నారు, మీ మియాపూర్ వాళ్లకి పెద్ద దూరమేం కాదు. ఫోన్ మాత్రం నువ్వు, మీ ఆయన స్వయంగా చేసి పిలవండి, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడేసి ఊరుకుంటే మేనత్తలు రారు, వచ్చినా ఆ మాట అనకుండా వెళ్లరు.

అమ్మకి ఒకటి ముందే చెప్పు. ఒడిలో పోసే కుడుకలు వండుకోడానికే గానీ సూట్‌కేసులోకి కాదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మండే గుణం ఉందని మన దగ్గర విమానం చెక్-ఇన్ లగేజీలో దాన్ని నిషేధించారు, స్కానింగ్‌లో కనిపిస్తే బ్యాగు విప్పించి తీయించేస్తారు. పసుపు కొమ్ములు, బ్లౌజ్ పీసు ఇవన్నీ హాయిగా పట్టుకెళ్లొచ్చు.

పచ్చళ్లు అంటావా, వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా చేతిలో పెడతారు, వద్దంటే కోపాలు. అందుకని ఏం పెట్టాలో నువ్వే ముందు చెప్పెయ్యి. యూరోప్ దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల వస్తువులు ప్రయాణికులు తీసుకెళ్లకూడదు, కాబట్టి చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇవన్నీ వద్దు, అన్నవరం ప్రసాదంలో కూడా నెయ్యే కదా అందుకే అక్కడే తినెయ్యమన్నాను. రొయ్యల పచ్చడికి మాత్రం ఇబ్బంది లేదు, చేపలు రొయ్యల లాంటివాటిని 20 కిలోల వరకు రానిస్తారు, మీ అత్తగారు ఈ ముక్క చదివితే ఎంత సంతోషిస్తారో! పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లకూడదు, ఎండబెట్టి కారప్పొడి కొట్టించుకో. ఆవకాయ, గోంగూర, కందిపొడి ఎంతైనా ఫరవాలేదు, కానీ పచ్చడి సీసాలు హ్యాండ్ బ్యాగులో పెట్టకు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, అన్నీ చెక్-ఇన్ లోనే. ఎకానమీలో మామూలుగా ఒక్కో బ్యాగు 23 కిలోలే, అంతా పచ్చళ్లకే పోతే స్వెట్టర్లు ఎక్కడ పెడతావు.

నగల విషయం. ఎక్కువవి లాకర్‌లో పెట్టి వెళ్లడమే మంచిది. ఏవైనా బరువైనవి పట్టుకెళ్తుంటే షంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో, లేకపోతే రేపు సెలవులకి వచ్చినప్పుడు అవి మన దగ్గర్నుంచి వెళ్లినవేనని నిరూపించుకోలేక డ్యూటీ కట్టాల్సొస్తుంది.

ఇంకో మాట, మీ ఆయనది బ్లూ కార్డ్ (పెద్ద చదువుల ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) అయితే నీ వీసా కోసం జర్మన్ భాషలో మొదటి మెట్టు అయిన ఏ1 పరీక్ష పాసవ్వాల్సిన పని లేదు. దీని గురించి తెలియక క్లాసులకి పరిగెత్తి ఊళ్లకి వెళ్లలేకపోయినవాళ్లు ఉన్నారు, అందుకని చెప్తున్నా. పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటే కంగారుపడి మార్పించకు, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేం లేదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్‌లో పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకో.

చివరి పది రోజులు మాత్రం హైదరాబాద్ దాటి దూరం పోకండి. జగిత్యాల అంటే బస్సులో నాలుగైదు గంటలు, అదే ఎక్కువ. ఆఖరి రెండు రాత్రులు మీ అమ్మానాన్నల దగ్గర ఏ ప్రోగ్రాం పెట్టుకోకుండా ఉండు, అమలాపురంలో కూడా మీ ఆయన్ని అలాగే రెండు రాత్రులు ఉండనివ్వు, ఆ రెండు రోజులు చుట్టాలిళ్లకి తిప్పకు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి, కోడలు కెనడా వెళ్లిపోతున్నారు. వెళ్లేముందు రెండు రోజులు మా దగ్గర ఉంటామన్నారు. అబ్బాయి పేరున గుంటూరులో ఫ్లాట్, ఊళ్లో కొంచెం పొలం, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. వాడొచ్చేది మమ్మల్ని చూడ్డానికి, అప్పుడు కాగితాలు, సంతకాలు అంటే బాగుంటుందా అని మా ఆవిడ నన్ను కసురుతోంది.
— రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: బాబాయ్ గారూ, పిన్నిగారి మాట నిజమే గానీ, ఇప్పుడు మొహమాటపడితే తర్వాత ఆవిడ కూడా బాధపడాల్సొస్తుంది. మొదటి రోజు పొద్దున్నే టిఫిన్ అవగానే పని మొదలెట్టండి, మధ్యాహ్నానికి అయిపోతే మిగతాదంతా మీ ఇష్టం. అన్నిటికంటే ముందు పవర్ ఆఫ్ అటార్నీ. ఫ్లాట్ అద్దెకివ్వడానికి, పన్ను కట్టడానికి, పొలం కాగితాలు చూసుకోడానికి ఏది అవసరమో అంతవరకే రాయించుకోండి, అబ్బాయి ఇక్కడ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించెయ్యండి. వెళ్లాక చేయించాలంటే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్లి సంతకం అటెస్ట్ చేయించి పంపాలి, ఆ కాగితం ఇక్కడికి చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, అంత తిరుగుడు ఎందుకు.

బ్యాంకు వాళ్లకి అబ్బాయి విదేశం వెళ్తున్నాడని చెప్పాల్సిందే. మామూలు సేవింగ్స్ ఖాతా ఎన్నారై అయ్యాక అలాగే నడపకూడదు, ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి, అద్దె డబ్బులు, ఇక్కడి రాబడి దాంట్లో పడతాయి. అక్కడ సంపాదించింది పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరేగా. పీపీఎఫ్ ఇప్పటికే ఉంటే గడువు తీరేదాకా కట్టుకోవచ్చు, ఆ తర్వాత పొడిగించుకోడం కుదరదు, వెళ్లాక కొత్తది తెరవడమూ కుదరదు. అన్నిట్లోనూ నామినీ పేరు ఎవరిదుందో చూడండి, పెళ్లికి ముందు రాసినవి అలాగే ఉండిపోతాయి చాలామందివి. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు సంగతి కూడా. ఇక్కడి సిమ్ ఆపేస్తే ఓటీపీలు రావు, ఆ నంబరు రీఛార్జ్ అవుతూ ఉండాలి.

ఇక పిన్నిగారిని కూడా ఊరుకోనివ్వకండి, కోడలితో కూర్చుని మీ ఇద్దరి మందుల చీటీలు, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులు ఫోటోలు తీయించమనండి. రేపు రాత్రిపూట ఏదైనా అయితే కెనడాలో ఉన్నవాళ్లు ఫోన్ చెయ్యాల్సింది పక్కింటాయనకే, ఆయన నంబరు వాళ్ల ఫోన్‌లో ఉందా అసలు?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగానికి దుబాయ్ వెళ్తున్నారు. ఫ్లైటు ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి. ఆదివారం పడమర దిక్కుకి వారశూల, అంటే ఆ రోజు అటు ప్రయాణం మంచిది కాదు అని మా వదిన పట్టుబట్టింది. టికెట్ మార్చాలంటే బోలెడు డబ్బు అడుగుతున్నారు. మార్చమంటారా?
— గృహిణి, విజయవాడ

జవాబు: మీ వదినగారు చెప్పింది కరెక్టే, శుక్ర, ఆదివారాలు పడమటికి శూల. కానీ మన పంచాంగంలో రోజు మొదలయ్యేది సూర్యోదయంతో, అర్ధరాత్రి 12తో కాదు. తెల్లవారుజామున 4 అంటే టికెట్ మీద ఆదివారమే గానీ పంచాంగం ప్రకారం ఇంకా శనివారమే. శనివారం శూల తూర్పుకి. టికెట్ మార్చక్కర్లేదు. ఇంకా వదినగారికి తృప్తిగా లేకపోతే శుక్రవారం కాకుండా మంచి ఘడియ చూసి ఒక బ్యాగు పక్కింట్లో పెట్టించండి, ప్రస్థానం పెట్టడం మన పెద్దవాళ్లు చేసిందే కదా.

ప్రశ్న: మా తమ్ముడు, మరదలు వెళ్తున్నారు, సాగనంపడానికి మేము పద్దెనిమిది మందిమి షంషాబాద్ వెళ్దామనుకుంటున్నాం. లోపలికి రానిస్తారా?
— వరంగల్ నుంచి ఒక అక్క

జవాబు: టికెట్ ఉన్నవాళ్లే టెర్మినల్ లోపలికి, మీ పద్దెనిమిది మందీ గేటు బయటే. ఇంటర్నేషనల్ ఫ్లైటుకి మూడు నాలుగు గంటల ముందు లోపలికి వెళ్లిపోవాలి, అంటే అర్ధరాత్రి ఫ్లైటైతే రాత్రి ఎనిమిదింటికే వీడ్కోలు. చిన్న పిల్లల్ని, బీపీ ఉన్నవాళ్లని ఇంట్లోనే హారతిచ్చి ఆపెయ్యండి. రెండు కార్లకి సరిపడా మనుషులు చాలు, ఒక కారు సామాన్లకి. భోజనాలు వరంగల్‌లోనే కానిచ్చి బయల్దేరండి, లగేజీ తూకం కూడా ఇంట్లోనే వేసుకోండి, అక్కడ పచ్చడి డబ్బాలు తీసి ఏది వదిలెయ్యాలా అని కౌంటర్ ముందు నేల మీద పరుచుకుని కూర్చోకుండా.