జ్వరంతో పోయిన సైనికుడి కథ రాసేటప్పుడు

చి. తమ్ముడికి ఆశీస్సులు.

కథ చదివాను. హాలెండు నుంచి అమెరికాలోని మిచిగన్‌కి వలస వెళ్లిన కుర్రాడు మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున ఫ్రాన్సులో పోరాడి, ప్రాణాలతో మిచిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ చేరి, అక్కడ న్యుమోనియాతో పోవడం మంచి వస్తువు. చివరి పేజీలో అతను దగ్గుతుంటే ఫిరంగులు మోగించావు చూడు, అవి తీసెయ్. ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉండగా అమెరికా సైనికులు పోరులో పోయింది 53,402 మంది, మిగతా కారణాలతో 63,114 మంది. ఆ రెండో అంకెలో పెద్ద వాటా ఫ్లూ, న్యుమోనియాలదే. జబ్బు చావుకి తూటా గౌరవం అరువు తేనక్కర్లేదు.

ముందు ఇతను సైన్యంలోకి ఎలా వచ్చాడో తేల్చు. హాలెండు, అంటే నెదర్లాండ్స్, ఆ యుద్ధంలో తటస్థ దేశం. డచ్చి సైనికుడు అనగానే మన పాఠకుడు హాలెండు తరఫున పోరాడాడనుకుంటాడు; ఒక్క వాక్యంతో ఆ అపోహ తీర్చు. 1917 జూన్ 5న అమెరికాలో 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లు, పౌరులైనా కాకపోయినా, పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. పౌరసత్వం కోరుతూ ముందే డిక్లరేషన్ ఇచ్చినవాణ్ని సైన్యంలోకి పిలవొచ్చు. ఇవ్వనివాడు మినహాయింపు అడగొచ్చు. నీ కథలో ఆ కాగితం ఊసే లేదు. మినహాయింపు అడగగలిగీ అడగలేదా, అడిగే వీలే లేకపోయిందా? అసలు కథ అక్కడ ఉంది.

అతను అమెరికా సైన్యంలో 32వ డివిజన్ అన్నావు. అది యుద్ధ విరమణ తర్వాత జర్మనీలో కోబ్లెంజ్ వైపు కాపలాకి వెళ్లి 1919 మేలో గానీ స్వదేశం చేరలేదు. నువ్వేమో మనవాణ్ని 1918 క్రిస్మస్‌కే ఇంటి గుమ్మంలో నిలబెట్టావు.

ఇక జబ్బు. నెలల తరబడి కృశించి, కిటికీలోంచి మంచు చూస్తూ పోయాడని రాశావు. అది క్షయ, పేరు మాత్రం న్యుమోనియా అని పెట్టావు. ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియా నడక వేరు. ఉన్నట్టుండి 102, 104 డిగ్రీల జ్వరం, నడుము విరిగేంత నొప్పి. మూడు నాలుగు రోజులకి తగ్గినట్టే ఉంటుంది, రోగి లేచి కూర్చుంటాడు. మళ్లీ జ్వరం, ఛాతీలో పోటు, తుప్పురంగు కఫం, ఆయాసం. చెవులు, పెదవులు నీలమయ్యాయంటే ఇంక ఆశ తక్కువ. చాలామందికి మొదలైన వారం పది రోజుల్లో అయిపోయేది. ఆ తగ్గినట్టు కనిపించిన రోజు మీద ఒక పేజీ పెట్టు. నువ్వు దాన్ని దాటేశావు. డాక్టరు నోట 'వైరస్' అనిపించకు, మనుషుల ఫ్లూకి వైరస్ కారణమని తేలింది 1933లో. పెన్సిలిన్ 1928 దాకా ఎవరి కంటా పడలేదు.

చావు 1920 ఫిబ్రవరిలో అన్నావు. ఆ చలికాలం మిచిగన్‌లో ఫ్లూ మళ్లీ విరుచుకుపడింది. అంటే జబ్బు ఫ్రాన్సులో పోరు జరిగిన ఆర్గాన్ అడవిలో కాకుండా పక్కింట్లో అంటుకుని ఉండొచ్చు. యుద్ధంలో వదిలిన విషవాయువుని తలుచుకుని తల్లి 'గ్యాసే తినేసింది నా బిడ్డని' అంటుంది, అననీ. కథకుడు అనకూడదు. డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం, అది ఎన్నాళ్లుగా ఉందో, తోడైన కారణం ఏమిటో రాసే గళ్లుంటాయి. ఆ తోడు కారణం గడిలో ఏం రాశారన్నది డబ్బుకి సంబంధించిన విషయం కూడా. సర్వీసులో అంటుకున్న జబ్బని తేలితేనే, కొడుకు మీద ఆధారపడ్డ తల్లికి పరిహారం. సైనిక బీమాకి ఆ పట్టింపు లేదు, ప్రీమియం కడుతూ ఉంటే చాలు: అతను పోయాక 10,000 డాలర్ల పాలసీకి ఇంటివాళ్లకి నెలకి 57.50 డాలర్ల చొప్పున 240 నెలలు వచ్చేవి. ఇంటికొచ్చాక ప్రీమియం కట్టడం మానేసినవాళ్లు బోలెడుమంది. మనవాడు కట్టాడా?

ఆధారాల మాట. 1912 నుంచి 1960 దాకా సైన్యం వదిలినవాళ్ల ఫైళ్లలో 80 శాతం దాకా 1973 జూలైలో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కార్యాలయంలో తగలబడ్డాయి. కాబట్టి డ్రాఫ్ట్ కార్డు (1917 నాటి ఆ పేరు నమోదు కార్డు), ఓడల ప్రయాణికుల జాబితాలు, మిచిగన్‌లోనే ఉన్న హాలెండ్ అనే పట్టణంలో డచ్చి భాషలో వచ్చిన 'డి గ్రోండ్‌వెట్' పత్రిక వెతుకు. వెతికేటప్పుడు యాన్ అన్న డచ్చి పేరుని జాన్‌గా కూడా చూడు. ఇంటిపేరులోని 'వాన్ డెర్'ని ఒక గుమాస్తా కలిపి రాస్తే ఇంకొకడు విడదీస్తాడు. ఓడ పేరు దొరక్కపోతే ఓడ అని రాయి, చాలు.

ఆ ఫిరంగులు లేకుండా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య