ముందు ఓపీలో కూర్చో, తర్వాత ప్రపోజల్ రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రపోజల్ రెండుసార్లు చదివాను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన గ్రాంటుకి అప్లై చేస్తున్నానని నువ్వు రాసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కొత్త మెడికల్ కాలేజీ, డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదే ఇద్దరు, క్లాసులు, క్యాంపులు, ఇన్‌స్పెక్షన్లు. వీటి మధ్య ఈ పని తలపెట్టావంటేనే గొప్ప. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మీ మండలంలో బీపీ ఎంతమందికి ఉందో లెక్క తీస్తానన్నావు. తీస్తావు, బాగానే తీస్తావు. ఆ తర్వాత? బీపీ ఎక్కువగా ఉందని ప్రభుత్వానికి తెలుసు. మీ ఏఎన్‌ఎంకి అయితే పేర్లతో సహా తెలుసు. ఎవరికీ సరిగ్గా తెలియనిది ఇంకొకటుంది. మాత్రలు మొదలుపెట్టినవాళ్లు మూడో నెలకి ఎందుకు కనపడకుండా పోతున్నారు? మనం ఏం మారిస్తే వాళ్లు మళ్లీ వస్తారు? డబ్బు అడగాల్సింది ఆ ప్రశ్నకి.

ఒక పీహెచ్‌సీలో నేను ఓపీ బెంచీ మీద కూర్చుని చూసిన సంగతి చెబుతాను. ఒకావిడ కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల షీటు బల్ల మీద పెట్టింది. అది అయిపోయి ఎన్నాళ్లయిందో, రేకు నలిగి మెత్తబడిపోయింది. ఇచ్చింది పది రోజుల మందు. "పది రోజులకోసారి రమ్మంటే నా కూలి ఎవరిస్తారమ్మా, ఆటోకి ఎవరిస్తారు?" అంది. మా ప్రశ్నల ఫారంలో ఆమె చదువు, ఉప్పు వాడకం, నడక అన్నీ ఉన్నాయి. ఎన్ని రోజుల మందు ఇచ్చారన్న ప్రశ్న మాత్రం లేదు. ఇప్పటికీ ఎవరి ప్రపోజల్ చూసినా ముందు ఆ గడి కోసమే వెతుకుతాను.

2017లో బీపీని అదుపులో పెట్టడానికి ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదలుపెట్టినప్పుడు, తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. వాళ్లు కొత్త మందేమీ తేలేదు. అందరికీ ఒకే చికిత్స పద్ధతి, ఒకేసారి ముప్పై రోజుల మాత్రలు, ఇంటికి దగ్గర్లోనే చూపించుకునే వీలు, రానివాళ్లని పేరుపేరునా వెతకడం. మీ జిల్లాలో వీటిలో ఏది ఎక్కడ తెగిపోతోందో చూడు. నీ ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

ఇలాంటి ప్రశ్న చిన్నదని ఎవరైనా అంటే, మద్రాసు సంగతి చెప్పు. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి అక్కడ క్షయ (టీబీ) పరిశోధన కేంద్రం పెట్టాయి. క్షయ వస్తే శానిటోరియంలో, అంటే క్షయ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, ఉండాల్సిందే, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి కావాల్సిందే అని అప్పట్లో అందరూ నమ్మేవాళ్లు. అన్ని మంచాలు మన దేశంలో ఎక్కడివి? 193 మంది రోగుల్ని తీసుకుని కొందరికి ఇంట్లో, కొందరికి శానిటోరియంలో, అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు, తక్కువ తిన్నారు, ఎక్కువ కష్టపడ్డారు. అయినా ఫలితం దాదాపు సమానంగానే వచ్చింది. వాళ్ల ఇళ్లలో మిగతావాళ్లకి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. 1959లో అది అచ్చయ్యాక క్షయ వైద్యం మంచం దిగి ఇంటికి వచ్చింది. రెండు గుంపులకీ ఒకే మందు అన్నది మర్చిపోకు. అక్కడ పరీక్షకి పెట్టింది మందు ఎక్కడ, ఎలా ఇవ్వాలన్నదాన్ని.

మొన్నటి జార్ఖండ్ పని కూడా అలాంటిదే. కొన్ని చోట్ల టీబీ రోగికి మాత్రమే, కొన్ని చోట్ల ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. పదివేలకు పైగా కుటుంబ సభ్యుల్ని గమనించారు. ఇంటిల్లిపాదికీ ఇచ్చిన చోట కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ప్రచురించారు. అదీ ఐసీఎంఆర్ డబ్బుతో చేసిందే.

ఇక పని సంగతి. రాయడానికి ముందే డీఎంహెచ్‌ఓని, మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని కలువు. అనుమతి కాగితం ఒక్కటే తెచ్చుకుని రాకు. వాళ్లని ఏది సతాయిస్తోందో అడుగు. వీలైతే మెడికల్ ఆఫీసర్ని కో-ఇన్వెస్టిగేటర్‌గా, అంటే నీతోపాటు పరిశోధకుడిగా, పెట్టుకో. ఏఎన్‌ఎం రిజిస్టర్లన్నీ ఒకసారి బల్ల మీద పరిచి చూడు. ఇంకో రిజిస్టర్ ఆమె నెత్తిన పెట్టే హక్కు నీకు లేదు.

ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నది. ఒక ప్రాజెక్టులో మేమే మనుషుల్ని పెట్టుకుని, మేమే వేరే కార్డులు అచ్చు వేయించి చక్కగా నడిపాం. డబ్బు అయిపోయింది, మా మనుషులు వెళ్లిపోయారు. కొన్ని నెలలకి పోయి చూస్తే మా కార్డులు బీరువా పైన కట్టలుగా పడి ఉన్నాయి, రబ్బరు బ్యాండ్లు కరిగి అట్టకి అంటుకుపోయి. ఆ కట్టల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది మాత్రలు మానేశారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. గ్రాంటు ఆగిన మర్నాడు ఈ పని ఎవరు చేస్తారో ప్రపోజల్లోనే రాయి. ఆ పేరా రాయలేకపోతే, పద్ధతి మార్చు.

బడ్జెట్‌లో బీద అరుపులు వద్దు, దుబారా వద్దు. ఊళ్లు తిరిగే ఖర్చు మాత్రం కోయకు, మొదట కోసేది అందరూ అదే. డబ్బు కాలేజీ ఖాతాకి వస్తుంది, వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదా లెక్క, ఇచ్చిన పనికే ఖర్చు పెట్టామనే యూటిలైజేషన్ సర్టిఫికెట్ పంపితే గానీ రెండోది కదలదు. కాబట్టి అకౌంట్స్ సెక్షన్‌లో మనిషిని ఇప్పుడే పరిచయం చేసుకో, ప్రతి బిల్లుకీ నకలు నీ దగ్గర ఉంచుకో. పరిశోధనలో పాల్గొనేవాళ్ల మేలు చూసే మీ కాలేజీ ఎథిక్స్ కమిటీకి రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో లేదో ఈ వారమే అడుగు. రెండు పద్ధతుల్ని పోల్చే ట్రయల్ చేస్తానంటే, మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు చెయ్యాలి. అంగీకార పత్రం మీ ఆశా కార్యకర్త చేత పైకి చదివించు. ఆమె ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయి.

ఈ నెల మీ ఊళ్లకి 104 బండి వచ్చే రోజున పొద్దున్నే పో. ఫారాలు తీసుకెళ్లకు. చివరి మనిషి వెళ్లేదాకా కూర్చో. ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారు, ఎన్ని రోజుల మందుతో వెళ్లారు, ఎవరు రాలేదు, రెండు పేజీలు రాసి నాకు పంపు. ప్రపోజల్ సంగతి అవి చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ మేడం